ఊళ్ళో కవిసమ్మేళనం పెడితే కవులే వస్తున్నారు, ఊరు రావట్లేదు. ఏం చెయ్యాలి?

ఏటిగట్టు:

మాది ఆమదాలవలస వైపు నాగావళి ఒడ్డు పల్లె. 400 గడప. ఐదు వీధులు, గట్టు మీద విడిగా ఒక వాడ. శాఖా గ్రంథాలయం, హైస్కూలు ఉన్నాయి. ఏటా ఉగాదికి గ్రంథాలయంలో కవిసమ్మేళనం జరుగుతుంది. శ్రీకాకుళం నుంచి పదిహేను మంది కవులు వస్తారు, చదువుతారు, శాలువాలు కప్పించుకుంటారు, ఫోటో దిగి వెళ్ళిపోతారు. వినేది కూడా వాళ్ళే. ఊళ్ళోవాళ్ళకి ఆ పూట మైకు మోగిందని తప్ప ఇంకేటీ తెలీదు.

ఈసారి సంక్రాంతికి పెడదామనుకుంటున్నాం. హైదరాబాదు, చెన్నై, విశాఖ వెళ్ళిపోయినవాళ్ళంతా ఆ నాలుగు రోజులే ఇక్కడుంటారు. తెలిసినవాళ్ళు చెప్పాల్సినవి ఇవి:

రాయడం రానివాళ్ళ చేత కవిత్వం ఎలా చెప్పించాలి? పిల్లలకి ఛందస్సు నేర్పాలా, వచనంలో రాయమనాలా? మైకు, సమయం ఎలా చూసుకోవాలి? చిన్న పుస్తకం వెయ్యాలంటే లెక్క ఎంత? ఇంకొకటి, రెండు వీధులకి పడదు. ఒకరి కార్యక్రమానికి ఇంకొకరు రారు. చందా తప్ప వేరే డబ్బు లేదు.

గడపగడప:

తారీఖు సంగతి ముందు తేల్చుకోండి మాస్టారు. భోగినాడు దిగినవాళ్ళు నిద్రలోనే ఉంటారు. సంక్రాంతి పెద్దల పండుగ, ప్రతి ఇంట్లోనూ పెద్దలకి పెట్టుకునే పని. ముక్కనుమ సాయంత్రానికి సగం మంది బస్టాండులో ఉంటారు. కనుమనాడు కాకి కూడా కదలదన్నారు కదా, అదే మీ రోజు. భోజనాలు ఆలస్యమవుతాయి గనక 4 గంటలకి ముందు ఎవరూ లేవరు. 6 దాటితే చలి, ఏడింటికి సీరియళ్ళు. ఉన్నది ఆ రెండు గంటలే.

ఇక అసలు సంగతి. ఊరు రావట్లేదంటే ఊరికి అక్కడ పని లేదన్నమాట. తను చెప్పిన మాటో, తన పిల్ల గొంతో, తన అమ్మమ్మ పాటో వినబడుతుందంటే మనిషి చేతిలో పని ఒగ్గేసి వస్తాడు. కాబట్టి మీ సమ్మేళనం కనుమనాడు కాకుండా డిసెంబరు మొదటి వారంలోనే మొదలవ్వాలి, ఇళ్ళ దగ్గర.

హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని 20 మందిని తీసుకోండి. పదో తరగతిని కదపొద్దు, వాళ్ళకి పరీక్షల గొడవ. ఇద్దరేసి చొప్పున పది జతలు. జతకి 40 ఇళ్ళు, రోజుకి పది ఇళ్ళ చొప్పున నాలుగు రోజులు. ఇంటికి పది నిమిషాలనుకుంటే రోజుకి గంటా నలభై నిమిషాల పని. డిసెంబరులో తొందరగా చీకటి పడిపోతుంది, అందుకని బడి రోజుల్లో వద్దు, రెండు వారాల శని, ఆదివారాలు ఉదయం పూట పెట్టండి. జతలు కట్టేటప్పుడు ఒక పిల్లాడు ఈ వీధి, ఇంకొకడు పడని వీధి అయ్యేలా చూడండి. పెద్దలకి ఎంత పడకపోయినా గుమ్మంలోకి వచ్చిన పిల్లాణ్ణి పొమ్మనరు. మీ రెండు వీధుల సంగతిలో నేను చెప్పగలిగింది ఇంతే, మిగతాది వేరేవాళ్ళు చెప్తారు.

గుమ్మంలో నిలబడి “ఒక కవిత చెప్పండి” అంటే “నాకేటొచ్చు బాబూ” అని తలుపేసుకుంటారు. వస్తువునో పనినో పట్టుకుని అడగాలి. మూడే ప్రశ్నలు:

ఏరు గట్టు దాటిన యేడు ముందుగా ఏ వస్తువు ఎత్తి అటక మీద పెట్టారు?
మీ అమ్మ ఏ పని చేస్తూ పాడేది? ఆ పాట ఒక్క చరణం గుర్తుందా?
ఊరొదిలి వెళ్ళినవాళ్ళు వస్తే ముందు ఏది చూపిస్తారు?

నాలుగో ప్రశ్న పెట్టారంటే సర్వే అయిపోతుంది. అన్నట్టు, పిల్లల చేతిలో నోటుబుక్కు చూడగానే పింఛనుకో ఇళ్ళ పట్టాకో వచ్చారనుకుంటారు. ఆధార్ కార్డు తెచ్చి చేతిలో పెడతారు కూడా. అందుకే మొదటి మాటగానే “కనుమనాడు బళ్ళో చదవడానికి” అని చెప్పమనండి. “మీ వీధి గొప్పతనం చెప్పండి”, “దేశభక్తి మీద చెప్పండి” లాంటివి అడగనే వద్దు. నినాదాలు వస్తాయి, అన్నీ ఒకేలా ఉంటాయి.

జవాబు ఫోనులో రికార్డు చేసి, ఫైలుకి వీధి పేరు, వరస నంబరు పెట్టి, ఆ రోజే కాగితం మీద ఎక్కించాలి. వారం ఆగితే ఏ గొంతు ఎవరిదో పోల్చుకోలేరు. ఎక్కించేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. బామ్మ “ఏరొచ్చీసినాది, గుంటల్నెత్తుకోని మేడెక్కీసినాం” అంటుంది. పిల్లాడు “ఏరు వచ్చింది, పిల్లలను ఎత్తుకొని మేడ ఎక్కాము” అని రాస్తాడు. బళ్ళో అదే ఒప్పని నేర్పాం మరి. ఆ ఉరుకు, ఆ ఊపు రెండూ పోతాయి. చెప్పింది చెప్పినట్టే రాయాలన్నది ఒకటో నియమం చెయ్యండి. వాడుక మాటకి గౌరవం తెచ్చిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట మన జిల్లాలోదే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటూ, ఇక్కడి బామ్మ మాటని దిద్దడం ఏం బావుంటుంది?

రాసింది మళ్ళీ ఆ మనిషికే చదివి వినిపించండి. పేరు వెయ్యొచ్చా అని అడగండి. కొందరు ఆడవాళ్ళు వద్దంటారు, అప్పుడు వీధి పేరు చాలు. రెండో ప్రశ్నకి వచ్చిన పాటలు, ఊడుపు పాటగానీ దంపుడు పాటగానీ జోలపాటగానీ, వేరే కట్ట కట్టండి.

సగం ఇళ్ళు జవాబు చెప్పినా 200 వాక్యాలు. వాటిల్లోంచి 40 తీసి ఒక “ఊరి కవిత” చెయ్యండి. పేర్చేటప్పుడు వీధివారీగా పేర్చకూడదు. అటక మీదకెక్కించిన వస్తువులన్నీ ఒక చోటికి, గొడ్ల సంగతులన్నీ ఒక చోటికి చేర్చండి. అప్పుడు ఈ వీధి వాక్యం పక్కన ఆ వీధి వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. కనుమనాడు ఎవరి వాక్యం వాళ్ళే చదవాలి. 40 మంది చదువుతారంటే 40 ఇళ్ళు వచ్చినట్టే.

మిగతా వాక్యాలని కూడా పారెయ్యొద్దు. మొత్తం 200 చిన్న కాగితాల మీద పెద్ద అక్షరాలతో రాయించి, తాడుకి బట్టల క్లిప్పులతో తోరణంలా కట్టండి. కాగితానికి ఎనిమిది అంగుళాల చొప్పున 133 అడుగుల తాడు కావాలి. 150 అడుగులు తెచ్చుకోండి, ముడులకి పోతుంది. మనిషి కంటి ఎత్తులో కట్టాలి, పైన కడితే ఎవరూ చదవరు. జనం తమ కాగితం వెతుక్కుంటూ పక్కవాళ్ళవన్నీ చదువుతారు.

తకిట తకధిమి:

పిల్లలకి ఛందస్సు నేర్పమనే నేనంటాను, అయితే కందంతోనో ఉత్పలమాలతోనో మొదలుపెట్టొద్దు. ముత్యాల సరం నేర్పండి. విజయనగరంలో ఉండి గురజాడ 1910లో పట్టుకొచ్చిన నడక అది. యతి, ప్రాసల (పద్యంలో అక్షరాల పొంతనల) నిర్బంధం లేదు, చప్పట్లతో నేర్పొచ్చు. ఒక పీరియడ్ సరిపోతుంది.

మాత్ర లెక్క ముందు. పొట్టి అక్షరం ఒకటి, దీర్ఘం రెండు. పొట్టి అక్షరమే అయినా దాని తర్వాత ఒత్తున్న అక్షరం వస్తే రెండు. పక్కన సున్న గానీ పొల్లు గానీ ఉన్నా రెండు. పిల్లలు తప్పేది ఒత్తు దగ్గరే: ఒత్తున్న అక్షరానికి రెండు వేసేస్తారు, వెయ్యాల్సింది దాని ముందు అక్షరానికి. “గట్టు” అంటే గ రెండు, ట్టు ఒకటి, మొత్తం మూడు. ఇలాంటి మాటలు ఇరవై బోర్డు మీద రాసి లెక్క పెట్టించండి. అది వచ్చేస్తే మిగతాది ఆటే.

మొదటి మూడు పాదాల్లో 3, 4, 3, 4 చొప్పున 14 మాత్రలు. నాలుగో పాదం 7 నుంచి 14 దాకా ఎక్కడైనా ఆగొచ్చు. నోటితో “తకిట తకధిమి తకిట తకధిమి” అంటూ ప్రతి ముక్క మొదట్లో ఒక చప్పట్టు. నమూనాకి ఇప్పటికిప్పుడు కట్టినది ఒకటి ఇస్తున్నాను, గొప్పదేం కాదు, లెక్క సరిగ్గా ఉంది:

ఏటిలోపల నీళ్ళు తగ్గితె
ఇసక నడుమన చెలమ తవ్వాం
కడవ నిండే వరకు ఊళ్ళో
కబురులన్నీ తోడినాం

మొదటి పాదం: ఏటి, లోపల, నీళ్ళు, తగ్గితె. నాలుగో పాదం 12 మాత్రల దగ్గర ఆగింది: కబురు, లన్నీ, తోడి, నాం. “కబురులన్నీ” మధ్యలో విరిగింది చూడండి. మాట ముక్క దగ్గరే ముగియాలన్న నియమం లేదు. ఈ సంగతి చెప్పకపోతే పిల్లలు మూడు మాత్రల మాటలు, నాలుగు మాత్రల మాటలు ఏరుకుని పేర్చడం మొదలుపెడతారు. లెక్క కుదురుతుంది, అర్థం ఉండదు.

ఎక్కడ చెడుతుందంటే, మాట్లాడే వాక్యాన్ని దించెయ్యడం దగ్గర. “ఏటిలోపల నీళ్ళు తగ్గిపోతే” అన్నారనుకోండి, చివర నాలుగు ఉండాల్సిన చోట ఏడొచ్చాయి. అప్పుడు క్రియని కుదించమనండి: తగ్గిపోతే బదులు తగ్గితె. మన యాసలో ఇలాంటి పొట్టి రూపాలు కావలసినన్ని ఉన్నాయి, వాడుకోనివ్వండి. చోటు నింపడానికి “కదా”, “మరి”, “నేడు” ఇరికిస్తే కొట్టెయ్యండి. పాదం నింపడానికి వచ్చిన మాట వినగానే తెలిసిపోతుంది.

ఒక్కొక్కరికి రెండు ముత్యాల సరాలు చాలు, ఎనిమిది పాదాలు. వస్తువు కూడా వాళ్ళు ఇళ్ళ దగ్గర విన్నదే ఇవ్వండి, ఆకాశంలోంచి తెచ్చుకోనక్కర్లేదు.

పద్యం వచ్చిన పెద్దవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు ఉండే ఉంటారు. వాళ్ళకి పది రోజుల ముందు ఆటవెలదిలో ఒక సమస్య ఇచ్చి పూరణలు తెమ్మనండి. చివరి పాదం మనం ఇవ్వాలి, మిగతా మూడూ వాళ్ళు కట్టాలి. ఆ పాదంలో ఐదూ సూర్యగణాలు, అంటే మూడేసి మాత్రల ముక్కలు, నాలుగో గణం మొదటక్షరానికి యతి. సమస్య ఇచ్చేవాళ్ళు ముందు తామే పూరించి చూసుకోవాలి. యతి తప్పిన సమస్య ఇస్తే సభంతా ఆ తగువుతోనే తెల్లారుతుంది.

గడపగడప:

తకధిమి గారూ, పిల్లల వరకు సరే. పెద్దవాళ్ళ పాటల్ని మాత్రం ఈ కొలతలో పెట్టించకండి. ఊడుపు పాటకి వంగిన నడుము ఇచ్చిన లయ ఉంటుంది, దంపుడు పాటకి రోకలి ఇచ్చిన లయ ఉంటుంది. మాత్రలు లెక్కపెడితే తప్పినట్టే కనబడతాయి, పాడితే తప్పవు.

తకిట తకధిమి:

ఒప్పుకున్నాను. ఆ పాటల జోలికి వెళ్ళమనలేదు. అయితే వాటిని కాగితం మీద చూసి చదివించొద్దు, పాడించండి.

మైకు మాస్టారు:

సమయం లెక్క నేను చెప్తాను. మీ ఉగాది సభ ఎందుకు ఎండిపోయిందో ఈ లెక్కలోనే ఉంది. ఒక మనిషిని పిలిచి, పరిచయం చేసి, శాలువా, దండ, జ్ఞాపిక, ఫోటో అయ్యేసరికి రెండున్నర నిమిషాలు. పదిహేను మందికి దాదాపు 40 నిమిషాలు. పైన అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి. కవిత్వానికి మిగిలిందెంత?

ఈసారికి ఇలా వేసుకోండి. ఊరి కవిత 40 మంది, వరసలో నిలబడి వస్తే మనిషికి 12 సెకన్లు, 8 నిమిషాలు. పిల్లలు 12 మంది, ఒకటిన్నర నిమిషం చొప్పున 18. పాత పాటలు ఆరు, నాలుగేసి నిమిషాలు, 24. బయట కవుల్ని ఎనిమిది మందికి మించి పిలవొద్దు, మూడేసి నిమిషాలు, 24. మొత్తం 74. ఊరి కవిత కాకుండా 26 మంది మైకు దగ్గరికి రావాలి, మార్పుకి అరనిమిషం చొప్పున 13. అంతా కలిపి 87 నిమిషాలు. 4:15కి మొదలుపెడితే 5:45కి అయిపోతుంది. ఉపన్యాసానికి చోటు లేదని మీరే చూస్తున్నారు. సన్మానం తప్పనిసరైతే అందరినీ ఒకేసారి నిలబెట్టి చివర్లో చేసెయ్యండి.

వరస కూడా ముఖ్యం. ఊరి కవితతో మొదలుపెట్టండి. బయట కవుల్ని పిల్లలకీ పాటలకీ మధ్య విడివిడిగా వెయ్యండి, ఎనిమిది మందినీ ఒక దగ్గర పెడితే జనం లేచేది అక్కడే. తప్పెటగుళ్ళ బృందం ఉంటే జనాన్ని పోగెయ్యడానికని ముందు పెడతారు, అది పొరపాటు. గుండెల మీద రేకులు అంతసేపు మోగాక సన్నని గొంతుతో చదివే కవిత ఎవరి చెవికీ ఎక్కదు. వాళ్ళని ఆఖర్న పెట్టండి. జముకుల కథ అయితే మాట వినాల్సిన కళ, దాన్ని మధ్యలో పదిహేను నిమిషాలు ఇరికిస్తే కథకుడికి అవమానం. వేరే రాత్రి పెట్టుకోండి.

సౌండు: 250 మందికి 100 వాట్ల ఆంప్లిఫయర్, రెండు కాలమ్ బాక్సులు చాలు. కోను మైకులు వద్దు. దూరం వెళ్తుంది గానీ గొంతు గరగరలాడుతుంది, పక్క ఊరికి కూడా వినబడి మన ఊరికి అర్థం కాదు. డీజే బాక్సులు అంతకన్నా వద్దు. బాక్సు మధ్యభాగం నేల నుంచి ఆరడుగుల ఎత్తున ఉండాలి, కాస్త లోపలికి తిప్పాలి. మైకు బాక్సుల వెనక ఆరేడు అడుగుల దూరంలో ఉండాలి, ముందుకొస్తే కూత పెడుతుంది. కూత వచ్చినప్పుడు అరచేత్తో మైకు తల మూస్తారు, అలా మూస్తే ఇంకా పెరుగుతుంది. వాల్యూమ్ ఒక గీత తగ్గించి మైకు వెనక్కి జరపాలి.

ఎకో బిరడా సున్నా దగ్గర పెట్టించి, దాని మీద టేపు అంటించండి. సరదాగా ఉంటుందని ఎవరో ఒకరు తిప్పేస్తారు. పాటకి ఎలా ఉన్నా కవితకి ఎకో పెడితే ఒక మాట మీద ఇంకో మాట పడి ఏదీ వినబడదు.

స్టాండ్లు రెండు: ఒకటి పెద్దవాళ్ళకి నాలుగున్నర అడుగులు, ఒకటి పిల్లలకి వాళ్ళ గడ్డం ఎత్తున. ఒకటే పెట్టి ప్రతిసారీ ఎత్తు మార్చారంటే ఆ అరనిమిషం రెండవుతుంది. మైకు నోటికి ఎదురుగా కాకుండా గడ్డం దగ్గర ఏటవాలుగా, నాలుగు వేళ్ళ దూరంలో ఉండాలి. లేకపోతే ప, ఫ, భ వచ్చిన ప్రతిచోటా గాలి కొడుతుంది. ముసలమ్మల్ని మైకు దగ్గరికి నడిపించకండి. కార్డ్‌లెస్ మైకు ఒకటి తెచ్చి కూర్చున్న చోటికే తీసుకెళ్ళి, పట్టుకోవడం కూడా మనవరాలి చేత పట్టించండి.

కరెంటు పండుగ రోజు పోకుండా ఉండదు. జనరేటరు రొద కవితకి శత్రువు. ఆహుజా లాంటి ఆంప్లిఫయర్లలో చాలావాటికి వెనక బ్యాటరీ కనెక్షన్ ఉంటుంది. 12 వోల్టులా 24 వోల్టులా అన్నది దాని మీదే రాసుంటుంది, చూసుకోండి. 12 అయితే ట్రాక్టరు బ్యాటరీ ఒకటి రెండు గంటలకి సరిపోతుంది. ముందు రోజే కలిపి పది నిమిషాలు మోగించి చూడండి.

ఏటిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. ముత్యాల సరం మా తెలుగు మాస్టారికి చూపించాను, ఆయన అప్పుడే చప్పట్లు మొదలెట్టారు. చోటు సంగతి ఇంకా తేలలేదు. ఒక వీధివాళ్ళు రామమందిరం దగ్గరంటారు, రెండోవాళ్ళు అక్కడైతే రామంటారు. పుస్తకం లెక్క కూడా ఎవరైనా చెప్తే బావుణ్ణు.

కూర్పరి:

చోటు: ఏ వీధి మందిరం దగ్గర పెడితే ఆ వీధి కార్యక్రమం అయిపోతుంది. గట్టు మీద వాడవాళ్ళు అసలే రారు, వచ్చినా వెనక నిలబడతారు. హైస్కూలు మైదానం తప్ప వేరే ఆలోచన వద్దు. హెడ్‌మాస్టారికి డిసెంబరులోనే ఉత్తరం ఇవ్వండి, సెలవుల్లో తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడిగి పెట్టుకోండి. వేదిక కట్టొద్దు. కట్టారంటే కుర్చీలు కావాలి, కుర్చీలు వేశారంటే ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న తగువు. నేల మీద అర్ధచంద్రాకారంలో చాపలు, మధ్యలో రెండు మైకులు. 250 మందికి దారులతో కలిపి 40 అడుగులు, 35 అడుగుల చోటు కావాలి. నడుము వంగనివాళ్ళకి వెనక వరసలో బెంచీలు.

ఊరి కవిత వరస అలాగే ఉంచి, పిల్లల్లో, పాటలవాళ్ళల్లో ఎవరు ముందన్నది చీటీలు తీసి పెట్టండి, అందరి ఎదుటా, పిల్ల చేత తీయించండి. “మా వీధిని ఆఖర్న పెట్టారు” అన్న మాట అక్కడితో పోతుంది. కరపత్రంలో ఏ పేరూ వెయ్యొద్దు. తారీఖు, సమయం, చోటు, “ఊరంతా రండి”, అంతే చాలు. చందా ఇంటికి 20 రూపాయలు, అంతకి మించి ఎవరిచ్చినా తీసుకోవద్దు. అయిదు వేలిచ్చిన వాడికి ఫ్లెక్సీ కావాల్సొస్తుంది. అన్ని ఇళ్ళూ ఇస్తే 8,000, ఆ లెక్కలోనే సర్దుకోండి. టీ మధ్యలో ఇస్తే లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోరు, 4 గంటలకే ఇచ్చెయ్యండి. 200 చిన్న కప్పులకి 16 లీటర్ల టీ, అంటే పాలు 8 లీటర్లు, టీపొడి 400 గ్రాములకి పైన, పంచదార కిలోన్నర.

పుస్తకం: ఏ4 కాగితాన్ని మధ్యకి మడిచి చెయ్యండి. ఒక కాగితానికి నాలుగు పేజీలు వస్తాయి గనక మొత్తం పేజీలు నాలుగుతో భాగించబడాలి. మీకు 32 పేజీలు చాలు, ఎనిమిది కాగితాలు. పేరు పేజీ 1, వివరాల పేజీ 1, ఊరి కవిత 4, పిల్లల పద్యాలు 8, పాటలు 8, తోరణంలోని మిగతా వాక్యాలు 8, చివర రెండు ఖాళీ. ఇంటికొకటి, పైన 50 కలిపి 450 ప్రతులంటే 3,600 కాగితాలు. రీముకి 500 చొప్పున ఏడు రీములు దాటుతుంది, పాడయ్యేవాటితో ఎనిమిది కొనండి. లోపల కాగితం బరువు 70 జీఎస్‌ఎం, అట్ట 200. మధ్యలో రెండు పిన్నులు పడాలి, మామూలు స్టేప్లరు అంతదూరం అందదు. పొడవు చెయ్యి ఉన్నది ప్రెస్సులో అడగండి. ఇన్ని ప్రతులకి జిరాక్సు ధర, ఆఫ్‌సెట్ ధర రెండూ అడిగి చూడండి. చందా సరిపోకపోతే అట్ట మానెయ్యండి గానీ పాటలు తగ్గించొద్దు.

కూర్పులో చెడేది ఒక్కచోట. పిల్లలు ఫోనులో యూనికోడ్‌లో టైపు చేస్తారు. డీటీపీ షాపులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉంటాయి. యూనికోడ్‌ని అందులోకి మార్చేటప్పుడు రెండొత్తులున్న అక్షరాలు విరుగుతాయి, “ఫోన్‌లో” లాంటి మాటల్లో పొల్లు పోయి “ఫోన్లో” అవుతుంది, కొన్నిచోట్ల అక్షరాలే ఎగిరిపోతాయి. దానికంటే మీరే లిబ్రే ఆఫీసులో యూనికోడ్‌లోనే కూర్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో మండలి చదవడానికి బావుంటుంది. గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఫాంట్లున్నాయి, శీర్షికలకి వాడుకోవచ్చు. ముసలివాళ్ళు చదవాలి గనక అక్షరం 14, వరసల మధ్య దూరం 20 పాయింట్లు. అంతకన్నా తగ్గితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్లో ఇరుక్కుంటాయి.

అచ్చుకి పేజీల వరస మార్చాలి: మొదటి కాగితం మీద 32, 1 పేజీలు, దాని వెనక 2, 31. ఎక్కడ చూసినా రెండు పేజీల మొత్తం 33 రావాలి. కంప్యూటరులో బ్రోచర్ అచ్చు అని ఎంచుకుంటే అదే చేస్తుంది, అయినా తెల్ల కాగితాలు మడిచి నంబర్లు వేసి ఒక డమ్మీ చేసి ప్రెస్సువాడి చేతిలో పెట్టండి. ప్రూఫు ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు చేతిరాత ప్రతిలో చూడాలి. యాస మాటల దగ్గర డీటీపీ కుర్రాడు ఒప్పు చేసేస్తాడు, “మేడెక్కీసినాం” కాస్తా “మేడ ఎక్కేశాం” అయి కూర్చుంటుంది. పేర్లు విడిగా రెండోసారి చూడండి. జనవరి 2కల్లా ఫైలు ప్రెస్సుకి చేరకపోతే పండుగలోగా రాదు, అప్పటికి వాళ్ళ దగ్గర క్యాలెండర్లు, పండుగ ఫ్లెక్సీల పని నెత్తి మీద ఉంటుంది.

పుస్తకాలు ఆరోజే పంచాలా వద్దా అంటారేమో. కార్యక్రమం అయ్యాక పంచండి. ముందు ఇస్తే తమ పేజీ వెతుక్కుంటూ వినడం మానేస్తారు.

సీతంపేట దారి:

ఒక చేర్పు. కొండ దిగి మీ ఊళ్ళో కాపురముంటున్న సవర గిరిజన కుటుంబాలు ఉంటే వాళ్ళ పాట సవర భాషలోనే ఉంచండి. తెలుగు లిపిలో రాసి ఎదురు పేజీలో తెలుగు అర్థం ఇస్తే చాలు. గొంతులో పట్టి ఆపే శబ్దం ఒకటి ఉంది సవరలో, తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. ఆ చోట పైన చిన్న కామా పెట్టి, ఎందుకు పెట్టారో పుస్తకం మొదట్లో ఒక ముక్క రాయండి. చదివేది వాళ్ళే అయితే చిక్కు లేదు, వేరేవాళ్ళ చేత చదివించొద్దు.

మైకు మాస్టారు:

మరిచిపోయింది ఒకటి. లౌడ్‌స్పీకరు పెట్టడానికి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశంలో ఎలాగూ పెట్టకూడదు. మీది సాయంత్రమే గనక ఇబ్బంది లేదు, అయినా తారీఖు, సమయం, చోటు, ఇద్దరు బాధ్యుల ఫోన్ నంబర్లతో పోలీసు స్టేషన్లో ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని, అనుమతి కాగితం తెచ్చుకోండి. పండుగ వారంలో వాళ్ళు కోడిపందేల వెనక తిరుగుతుంటారు, జనవరి మొదటి వారంలోనే వెళ్ళండి.

ఇంకా, ఏటి ఒడ్డున పొద్దుగుంకగానే మంచు దిగుతుంది. ఆరున్నరకల్లా తోరణం విప్పేసి కాగితాలు కట్టలు కట్టి గ్రంథాలయంలో పెట్టండి, తడిస్తే సిరా పాకుతుంది. స్కెచ్ పెన్ను కన్నా బాల్ పెన్నుతో దిద్దించిన అక్షరం నిలుస్తుంది. ఆంప్లిఫయరు కట్టేశాక వేడి తగ్గేదాకా ఆగి గుడ్డ కప్పండి.